రిమార్కుల కాలమ్

ఇందుజకి ఒళ్లు మండిపోతోంది. ఎదుటి కుర్చీలో వరుణ్ మాత్రం తాపీగా చాయ్ తాగుతున్నాడు.

సలాబత్‌పురాలోని ఆ హోల్‌సేల్ చీరల కొట్టులో ప్రచారం పని వీళ్లిద్దరిదీ. మగ్గాల కార్మికుల భార్యలు చాలామంది ఇళ్లల్లో చీరలు అమ్ముతారు. వాళ్లకి వాట్సాప్‌లో కొత్త రకాలు పంపాలి, ఏ మెసేజికి ఎవరు కొన్నారో చూసుకోవాలి. ఆ వివరాలు ఏఐకి ఇచ్చే ముందు ఇందుజ పేర్లు, నంబర్లు, రిమార్కులు తీసేసేది. గల్లీ, టైము, ఆర్డరు ఉంటే చాలు, అది చెప్పాల్సింది చెప్పేస్తుంది. వరుణ్ బాబుకి ఆ ఓపిక ఎక్కడిది? మొత్తం ఫైలు పడేశాడు. పేర్లతో, నంబర్లతో, రిమార్కులతో సహా పట్టిక వచ్చింది. తన గొప్ప చూపించుకోవాలి కదా, ఆ సంభాషణ లింకు తీసుకెళ్లి డీలర్ల గ్రూపులో పెట్టాడు.

అందులో వినోద పేరు పక్కన ఇందుజ రాసుకున్న మాట ఉంది: భర్త నైట్ డ్యూటీకి వెళ్లాకే ఫోన్ చేయాలి. భార్య వ్యాపారం చేయడం అతనికి గిట్టదు. ఆమె చాటుగా చీరలమ్ముతూ కూతుర్ని నర్సింగ్ చదివిస్తోంది.

ఇప్పుడు ఆ వినోదే, అమ్మడానికి తీసుకెళ్లిన చీరల మూటతో తిరిగొచ్చి గుమ్మంలో నిలబడింది.

"రాత్రి ఎవడో ఫోన్ చేసిండు. మీ ఆయన డ్యూటీకి పోయిండా అని అడిగిండు. నిన్న మిల్లు బంద్, ఫోన్ ఎత్తింది మా ఆయననే," అంది. "గా ముచ్చట నీ ఒక్కదానికే చెప్పిన గద, చెల్లె."

లింకు తీసేశాం కదా, ఇంకేం గొడవ అన్నాడు కొట్టు యజమాని సేఠ్. కావాలంటే ఆమెకి రెండు చీరలు ఊరికే ఇచ్చి పంపమన్నాడు. చీరలట! ఇందుజ కోపం ఇక ఆగలేదు. వరుణ్ చేతిలోని గ్లాసు లాక్కుని బల్ల మీద కొట్టింది.

"లే. అక్క ఇంటికి పోదాం. ఆయన ముందు నిలబడి, తప్పు నాదే అని నీ నోటితోనే చెప్పు."

వరుణ్ తల దించుకుని లేచాడు. వినోద చెయ్యి అడ్డం పెట్టింది.

"వద్దు చెల్లె. ఇంకో మొగోన్ని నా ఇంటికి తోలకు."

మూట కౌంటర్ మీద పెట్టి వెళ్లిపోయింది.