పతకం అంచు

"పేరంతా నువ్వే తుడిచేసినవ్ అమ్మీ" అన్నాడు మా ఫరీదు, వంటింటి గుమ్మంలో నిలబడి.

నేను బిర్యానీకి బియ్యం కడుగుతున్నాను. శుక్రవారం. దోహాలో శుక్రవారమంటే మగవాళ్లకు సెలవు, నాకూ కోడలు జీనత్‌కూ రెట్టింపు పని. ముందు గదిలో ఫరీదు కంపెనీలో పనిచేసే ఇంగ్లీషు పెద్దమనిషి కూర్చున్నాడు. పాత యుద్ధాల పతకాలు పట్టుకుని, అవి అందుకున్న గుర్రపు సిపాయిలు ఎవరు, ఏ ఊరివాళ్లు, ఏమయ్యారు అని వెతికి పుస్తకం రాస్తున్నాడట. మా మామగారి వెండి పతకం చూడటానికి వచ్చాడు. ఆ పతకాల అంచు మీద సిపాయి నంబరు, పేరు, దళం చెక్కి ఉంటాయట. ఒకే పేరున్నవాళ్లు ఎందరో, నంబరు దొరికితేనే లండన్ కాగితాల్లో మనిషి దొరుకుతాడు. మా పతకం అంచు నున్నగా అరిగిపోయింది. మా అమ్మ చదువు లేని మనిషి, ఆమెకేం తెలుసు అని ఫరీదు ఆయనకు ఇంగ్లీషులో సర్దిచెప్పాడు. నాకు ఇంగ్లీషు రాదు. కానీ ఆ మాట నా గురించి ఎన్నిసార్లు విన్నానో, ఏ భాషలో అన్నా తెలిసిపోతుంది.

పదిహేనేళ్లకు బోధన్‌లో ఆ ఇంటి కోడలినయ్యాను. మామగారు అప్పటికే లేరు, గోడకు పతకం ఉంది. ప్రతి ఈద్ ముందు మా అత్తమ్మ ఫక్రున్నీసా దాన్ని దించి, కుంకుడు రసమూ బూడిదా నా ముందు పెట్టేది. "నీ ముఖం అండ్ల కనబడాలె పిల్లా" అనేది. ఒకవైపు ఇంగ్లీషు రాజు తలకాయ, రెండోవైపు గుర్రం మీద బట్టల్లేని మగవాడు. ఆ వైపు కళ్లు మూసుకుని తోమమనేది. ఒక ఏడు జ్వరంతో తోమలేకపోయాను. పండక్కి వచ్చిన చుట్టాల ముందు మా ఆయన రఫీయుద్దీన్, "మా అబ్బాజాన్ ఇజ్జత్ నల్లబడ్డది, బేగం సాబ్ మాత్రం పండుకునే ఉన్నది" అన్నాడు. అందరూ నవ్వారు. లేచి తోమాను.

నాలుగో తరగతిలో నా బడి మాన్పించారు. ఆ ఇంట్లో నా చేతికి చిక్కిన అక్షరాలు ఆ అంచు మీదివే. తడి బూడిద గాడుల్లో నిండితే ఒక్కొక్కటీ తేలేది. వాటిని చదవలేను, ఆకారాలు మాత్రం వచ్చు. పొయ్యి గట్టు మీద వేలితో దించుకునేదాన్ని. అంకెలు బడిలో నేర్చినవే: రెండు, నాలుగు, ఒకటి, ఏడు. ఆ తర్వాత పేరు. ఏటేటా గాడులు పలచబడుతున్నాయని ఆ ఇంట్లో నాకొక్కదానికే తెలుసు. నన్నెవరు అడిగారు చెప్పడానికి?

నేను తోముతుంటే అత్తమ్మ పక్కన కూర్చుని చెప్పేది. ఆ దళంలో చేరాలంటే గుర్రం సిపాయే తెచ్చుకోవాలట. అత్తమ్మ మెడలోదీ చేతులవీ అమ్మి మోతీ అనే గుర్రాన్ని కొన్నారు. మొదటి ప్రపంచ యుద్ధంలో మోతీ పాలస్తీనా ఇసుకలో చచ్చిపోయింది. మామగారు తిరిగొచ్చి బతికినన్నాళ్లూ దాన్నే తలచుకున్నాడు. "గుర్రానికి ఏడ్చిండు గని, నా బోడి మెడ దిక్కు ఒక్కసారన్న చూడలే" అనేది అత్తమ్మ. ఏడుస్తూ కాదు, బియ్యంలో రాళ్లు ఏరుతూ.

ఇదంతా మూడు శుక్రవారాలు ఆ ఇంగ్లీషాయనకు చెప్పాను. నేను చెప్పడం, ఫరీదు ఇంగ్లీషులోకి మార్చడం, ఆయన రాసుకోవడం. అరవై అయిదేళ్లలో నా మాట ఎవరైనా రాసుకోవడం అదే మొదలు. పిచ్చి సంతోషం వచ్చింది. నంబరు మాత్రం చెప్పలేదు. విందు చివర షీర్ ఖుర్మా పెట్టినట్టు, రాసిందంతా విన్నాక నా చేత్తో నేనే రాసి చూపించాలనుకున్నాను. తుడిచింది నేనే, దాచింది కూడా నేనే అని ఫరీదుకు తెలియాలి.

నాలుగో శుక్రవారం ఆయన టైపు చేసిన కాగితాలు తెచ్చాడు. నేను రొట్టెలకు గట్టు మీద పొడిపిండి చల్లుకుని, అందులో వేలితో ఆ నాలుగంకెలూ రాసి పెట్టుకున్నాను. ఫరీదు కాగితాలతో లోపలికొచ్చి తెలుగులో చెప్పుకుంటూ పోయాడు. మామగారి పేరుంది. ఆయన ఎత్తుంది. మోతీ రంగు, నుదుటి మీది తెల్లమచ్చ ఉన్నాయి. ఇంటి ఆడవాళ్లు తెలియక తోమి అంచు పాడుచేశారని కూడా ఉంది.

"మా అత్తమ్మ పేరేది బేటా?"

"అది సిపాయిల కితాబు అమ్మీ. ఆడోళ్లు ఎందుకుంటరు?"

"మోతీ ఉన్నది కద."

"మోతీ లడాయికి పోయింది" అని నవ్వాడు. నవ్వు అచ్చం వాళ్ల నాన్నది. "అది పోనీ. నంబరు లేకుంటే తాత ఈ కితాబులనే ఉండడట. జర యాదికి తెచ్చుకో. ఏమన్న గుర్తున్నదా?"

పిండిలో అంకెలు వాడికి మూరెడు దూరంలో ఉన్నాయి. వాడు వంటింటి గట్టు వైపు ఎప్పుడూ చూడడు. జీనత్ చూసింది. పిండినీ, నన్నూ చూసి, పెనం మీది రొట్టె తిప్పింది.

నేను చెప్పకపోతే మామగారు ఆ పుస్తకంలోంచి పోతాడు. అత్తమ్మను తలచుకునేవాళ్లు నా తర్వాత ఎలాగూ లేరు. చెప్పినా ఆ కాగితంలో ఆమె లేదు.

"నాకేం గుర్తుంటది బేటా" అన్నాను. "చదువు లేనిదాన్ని."

వాడు ముందు గదిలోకి వెళ్లిపోయాడు. నేను అరచేత్తో గట్టు తుడిచాను. తుడవడం నాకు బాగా అలవాటైన పని.