గొట్టంలో గాలి

నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. ఇరవై రెండేళ్లుగా టైర్లు విప్పి బిగిస్తున్నాను. అయినా టైర్ల గురించి నాకే పాఠం చెప్పేవాళ్లు రోజుకి ఇద్దరైనా తగులుతారు. ఆ రోజు తగిలింది మా చెల్లెలు.

"నాలుగు టైర్లూ మార్చు చాలన్నయ్యా. సెన్సార్ల జోలికి పోకు," అంది కారు దిగుతూనే. అయిదు నెలల క్రితం ఎవరి దగ్గరో కొన్న పాత కారు అది. వెనక సీట్లో ఆరేళ్ల కవలలు అప్పటికే బెల్టులు విప్పుకుని కొట్టుకుంటున్నారు.

"టైర్లో గాలి ఎంతుందో చెప్పేది ఆ సెన్సారే కదే! దాని బ్యాటరీ ఏడెనిమిదేళ్లకి పోతుంది. టైరు విప్పినప్పుడే అదీ మార్చేస్తే ఒక్క దెబ్బతో అయిపోతుంది. తర్వాతంటే మళ్లీ నాలుగూ విప్పి చావాలి."

"పనిచేస్తున్నవాటిని పీకి పారేస్తావా? ఇదిగో చూడు, నాలుగింటికీ ముప్పై మూడు." డ్యాష్‌బోర్డు చూపించింది. "వారం నుంచీ బండి ఎడమ పక్కకి లాగుతోందని ఫోన్ చేస్తే నువ్వేమన్నావు? గాలి తగ్గిందని చెప్పే లైటు వెలిగిందా అన్నావు. లేదన్నాను. అయితే ఏం కాదు పోవే, నన్ను పని చేసుకోనీ అని పెట్టేశావు."

అన్నాను. అబద్ధమెందుకు?

"నీ ఇష్టం తల్లీ," అని జాకీ పెట్టబోతూ, అలవాటు కొద్దీ ముందు ఎడమ టైరుకి గేజి పెట్టాను. పదిహేను చూపించింది. గేజి పాడైందేమోనని ఇంకోటి తెచ్చి పెట్టాను. పదిహేనే. డ్యాష్‌బోర్డు మీద మాత్రం ముప్పై మూడు!

చక్రం ఊడదీసి, టైరు విప్పి చూశాను. లోపలి అంచు అరిగి తీగలు బయటికొచ్చాయి. సెన్సారు లేదు. రెండోది విప్పాను, లేదు. మూడోది, నాలుగోది, వాటిల్లోనూ లేదు. టైర్లన్నీ నేల మీద పడున్నాయి. కారు మాత్రం ఇంకా ముప్పై మూడంటోంది. ఇది ఎక్కడి గాలిని కొలుస్తోంది?

డిక్కీ తెరిచి, అడుగున పరిచిన గుడ్డ లేపాను. స్టెప్నీ పక్కన మూరెడు ప్లాస్టిక్ గొట్టం ఉంది. రెండు చివరలా మూతలు అంటించి ఉన్నాయి, ఒక మూతకి సైకిల్ ట్యూబు వాల్వు. ఊపితే లోపల గలగలమంది. నాలుగు సెన్సార్లూ అందులోనే ఉన్నాయి, గాలి నింపిన గొట్టంలో హాయిగా. టైరు పేలినా వాటికి చీమ కుట్టినట్టైనా ఉండదు.

గొట్టం మీద నల్ల స్కెచ్ పెన్నుతో "33" అని రాసి, కింద తేదీ వేసి ఉంది. చేతిరాత నాదే.

పై ప్రాణాలు పైనే పోయాయి.

నాలుగేళ్ల కిందటి మాట. ఒకాయన సోకు కోసం కొత్త చక్రాలు వేయించుకున్నాడు. పాత సెన్సార్లు వాటికి పట్టలేదు. అవి లేక లైటు వెలుగుతూనే ఉంది, చూడలేక చస్తున్నానన్నాడు. అరగంటలో ఈ గొట్టం చేసిచ్చాను. "నీ బుర్రే బుర్ర!" అన్నాడు. ఉబ్బిపోయాను. ఆయన చెబితే ఇంకో ఇద్దరు వచ్చారు, వాళ్లకీ చేశాను. గాలి మీరే చూసుకోవాలి సుమా అని చెప్పాను కూడా. బండి అమ్మేటప్పుడు ఆ మాట కూడా కలిపి అమ్ముతారా ఎవరైనా?

"ఏంటన్నయ్యా అది?" చెల్లెలు వెనకే నిలబడింది. అదేం చేస్తుందో మాత్రం చెప్పాను. వింటున్నకొద్దీ దాని మొహంలో రక్తం లేకుండా పోయింది.

"రోజూ ఎనభై కిలోమీటర్లు, ఈ పిల్లల్నేసుకుని... ఎవడు చేశాడిది? వాడి చేతులు పడిపోను!"

ఎవడో అనేస్తే పోయేది. దానికెలా తెలుస్తుంది? కానీ పిల్లలిద్దరూ వచ్చి అరిగిన టైరు తీగలు వేలితో లాగి చూస్తున్నారు.

"నేనే," అన్నాను.

ముందు నమ్మలేదు. నవ్వబోయి, నా మొహం చూసి ఆగిపోయింది. పిల్లల్ని చెరో చేత్తో పట్టుకుని వెళ్లి బయట బల్ల మీద కూర్చుంది. తిట్టినా బాగుండేది. కంచే చేను మేస్తే ఎవరితో చెప్పుకుంటుంది పాపం!

అప్పుడు తట్టింది, గొట్టాలు మూడని. సెల్లు తీసి పాత నంబర్లు వెతికాను. ఒకతను ఎత్తలేదు. రెండో నంబరుకి ఆడగొంతు పలికింది.

"మా వారు కారు నాకిచ్చేశారండీ. ఇప్పుడు నేనే నడుపుతున్నా, హైవే మీదున్నా. స్పీకర్లో పెట్టా, చెప్పండి."

వెనక ఎవరో పసివాడు పాట పాడుతున్నాడు.

"అమ్మా, టైర్లలో గాలి..."

"గాలి బాగానే ఉందండీ. ఇదిగో చూస్తూనే ఉన్నా, నాలుగూ ముప్పై మూడు."

ఆ గొంతు సెల్లులోంచి బయటికే వినిపించింది. బల్ల మీద నుంచి చెల్లెలు లేచి నిలబడింది.

"మెల్లగా పక్కకి తీసి బండి ఆపు తల్లీ," అన్నాను. "ముందు ఆపు. ఎందుకో తర్వాత చెబుతాను."