చెవిగొడుగు

జెరూష గొంతు వినని ఇల్లు తెలుగునాట తక్కువ. ముఖం మాత్రం కృష్ణానగర్‌లో ఆమె ఇంటి ఓనరుకే సరిగ్గా గుర్తుండదు. తెలుగు ముక్క రాని హీరోయిన్లు తెరమీద భోరుమంటే ఆ ఏడుపు జెరూషది. సినిమా ఆడితే పేరు వాళ్లది, ఆడకపోతే డబ్బింగ్ బాగాలేదంటారు. దాన్ని ఆమె ఎప్పుడో నవ్వి వదిలేసింది. ఆమె ప్రాణం పెట్టేవి రెండే: తమ్ముడు లియో, ఆదివారం ఆట.

ఆటంటే పరుగులు పెట్టేది కాదు. బల్లమీద పటం పరిచి, పాచికలు వేస్తూ, నోటి మాటలతో నడుపుకునే సాహసకథ. ఒకరు ఆ లోకాన్ని నడుపుతారు, మిగతావాళ్లు అందులో వీరులవుతారు. నడిపేది జెరూష. వీరులు లియో, సౌండ్ ఇంజనీరు జగదీశ్. చర్చి నుంచి అక్కాతమ్ముళ్లు రాగానే ముగ్గురూ ఫిల్మ్‌నగర్‌లో ఒక పాత డబ్బింగ్ థియేటర్ సెల్లారులో చేరేవారు. గోడలకు చెమ్మ పట్టి ఆ థియేటర్ ఈమధ్యే మూతపడింది. తాళం జగదీశ్ దగ్గర ఉండిపోయింది.

శబ్దాన్ని పీల్చుకోవడానికి గోడకు కొట్టిన గుడ్డ ఒకచోట ఊడి, వెనక బండరాతిలోంచి మొలిచిన పుట్టగొడుగులు బయటపడ్డాయి. అచ్చం మనుషుల చెవులే, తమ్మెలతో సహా. ఇంకొకరైతే చీపురు తెచ్చేవారు. జెరూష వాటికి చెవిగొడుగులని పేరు పెట్టి, ఆటలోని పాతాళ గుహల నిండా నాటేసింది. వాటికి కళ్లుండవు, నోరుండదు, వినడమొక్కటే తెలుసు. విన్న గొంతుతోనే పిలుస్తాయి. ఆ పిలుపుకి బదులు పలికితే పలికినవాడి గొంతు వాటి సొంతం. గొంతు పోయినవాడి కాళ్లు వాటంతటవే లోపలికి నడుస్తాయి. లోపలికి పోయినవాడు వాటికి ఎరువు.

"గిట్లాంటిది నీకెట్ల తట్టిందక్కా?" అన్నాడు జగదీశ్.

"ఏమో. ఎవరో పక్కన కూర్చుని చెప్తున్నట్టు వచ్చేసింది."

"గా గోడకు జర సున్నం కొట్టిస్త. చూస్తుంటే వొళ్లు జలదరిస్తుంది."

"ఆట అయ్యేదాకా ఉండనీ," అంది జెరూష.

ఆ మాట అనకుండా ఉండాల్సింది.

ఆ ఆదివారం ఆట మంచి పట్టులో ఉండగా లియోకు ఆకలేసింది. "నేనొచ్చేలోపు నా వీరుణ్ణి చంపెయ్యకే అక్కా," అని ఫ్లాస్కు తీసుకుని టీకి, మిరపకాయ బజ్జీలకి వెళ్లాడు. వాడు వెళ్లిన కాసేపటికి కరెంటు పోయింది. మిట్టమధ్యాహ్నమే అయినా సెల్లారులోకి సూదిమొనంత వెలుతురు రాదు. ఫోన్లు పైన గుమ్మం దగ్గర బుట్టలో ఉన్నాయి. రికార్డింగ్ గదిలోకి ఫోను తేకపోవడం వాళ్లకు ఏళ్లనాటి అలవాటు.

అద్దం వెనక మైకు గదిలోంచి లియో గొంతు వినిపించింది. "జగదీశన్నా, ఇలా రా ఒకసారి."

"గింత జల్దీ ఎట్లొచ్చినవ్ రా? గాడేం చేస్తున్నవ్?" అన్నాడు జగదీశ్.

 కుర్చీ వెనక్కి జరిగిన చప్పుడు. జగదీశ్ చెప్పులు తాపీగా మైకు గది వైపు నడిచాయి. జెరూష చీకట్లో చెయ్యి చాపి అతని చొక్కా పట్టుకుంది. అతను ఆగలేదు. గుండీ తెగి ఆమె చేతిలోకి వచ్చింది. మందపాటి తలుపు తెరుచుకుని, మూసుకుంది.

"అక్కా, ఏం లేదు. జర నువ్వు గూడ రా." మాట జగదీశ్‌దే. అంత తియ్యగా మాత్రం అతను పుట్టి ఎన్నడూ మాట్లాడలేదు.

 బదులు పలకకుండా జెరూష తన అరచేతిని తనే కరిచి పట్టుకుంది. ఆమెకిప్పుడు ఒకటే భయం. లియో ఏ క్షణమైనా వస్తాడు. గుమ్మం దాటాడంటే అక్కా అని అరవకుండా ఉండలేడు. వాడు నోరు విప్పకముందే వాణ్ణి చేరుకోవాలి. గోడ తడుముకుంటూ మెట్లవైపు కదిలింది. వేళ్లకు తగిలిన చెవిగొడుగులు గోరువెచ్చగా, మెత్తగా ఉన్నాయి. ఆమె కదిలినకొద్దీ అవీ అటే తిరుగుతున్నాయి.

అప్పుడు మైకు గదిలోంచి ఒక పసివాడి గొంతు వచ్చింది.

"అమ్మా... ఎక్కడున్నావమ్మా?"

నిరుడు ఆ మైకు గదిలోనే, తప్పిపోయిన పిల్లాడు తల్లిని పిలిచే సీనులో తల్లికి ఒక రోజంతా డబ్బింగ్ చెప్పింది జెరూష. తల్లి ఆలోచించి జవాబివ్వదమ్మా, గ్యాప్ వస్తోందని డైరెక్టరు చంపుకుతిన్నాడు. చివరికి పిల్లాడి మాట పడటమే ఆలస్యం, ఆమె మాట దానంతటదే వచ్చేలా సాధించింది. ఇప్పుడు పిల్లాడి మాట పడింది. దాని తర్వాత సరిగ్గా అంతే ఖాళీ.

"ఇక్కడే ఉన్నాను నాన్నా," అంది జెరూష.

అన్నాక తెలిసింది. గొంతు చించుకుని అరవబోతే ఊపిరి వచ్చింది గానీ శబ్దం రాలేదు. ఎడమ కాలు దానంతటదే మైకు గది వైపు తిరిగింది.

మెట్లమీద బోర్లాపడి, పిట్టగోడ పట్టుకుని, మాట వినని కాళ్లను ఈడ్చుకుంటూ పైకి పాకింది. పైన తలుపు తెరుచుకుంది. ఒక్క క్షణం ఎండ, మళ్లీ చీకటి. బజ్జీల వాసన.

"అక్కా! కరెంటు పోయిందా?"

"అవును రా. మెల్లగా దిగు," అంది కిందనుంచి ఆమె గొంతు. ఆ లాలన వింటే జెరూషకే ఏడుపొచ్చింది.

లియో బదులివ్వడానికి ఊపిరి తీసుకున్నాడు. జెరూష ఉన్న బలమంతా కూడగట్టుకుని లేచి, వాడి నోటిమీద చెయ్యి వేసి నొక్కింది. ఫ్లాస్కు జారి మెట్లమీద పగిలింది. ఉలుకూపలుకూ లేని చెయ్యేదో చీకట్లో నోరు మూసేసరికి లియో బెదిరిపోయి గింజుకున్నాడు. ఆమె వదల్లేదు. నేనేరా, నేనే అని లోపల అరుస్తూనే ఉంది.

"లియో! ఏమైందిరా? పలకవేం?" కింద గొంతు కంగారుపడింది.

లియో ఆ చేతిని కరిచి, విదిలించుకున్నాడు.

"అక్కా! నన్నేదో పట్టుకుం—"

అక్కడికి ఆగిపోయింది. ఇద్దరి కాళ్లూ కిందికి తిరిగాయి. గాజుపెంకులు తొక్కుకుంటూ మెట్లు దిగుతుంటే జెరూష తడుముకుని వాడి చెయ్యి అందుకుంది. లియో మొదట లాక్కోబోయాడు. తర్వాత తను కరిచిన చోటు వేళ్లతో తడిమి, ఆ చెయ్యి ఎవరిదో తెలుసుకుని, గట్టిగా పట్టుకున్నాడు.