చెక్క ఊపిరి తీసుకునే వేళ

గంగయ్య మోచేతుల దాకా కొబ్బరినూనె రాసుకుంటున్నాడు. నూనె లేకపోతే ఫైబర్ పీచు చర్మంలో దిగి రాత్రంతా దురద. యానాం దాటాక గోదావరి ఒడ్డున బోర్లించిన చెక్క పడవ అతనికోసం ఎదురుచూస్తోంది. పడవ అడుక్కి ఫైబర్ మ్యాట్ పరిచి, రెసిన్ జిగురు పూసి అతికించడం పద్దెనిమిదేళ్లుగా అతని పని.

"బాబాయ్, చల్లగా ఉందండి. ఇప్పుడే అంటించేద్దారండి," అన్నాడు పడవ యజమాని పల్లంరాజు. ఎల్లుండి చేపల వేట నిషేధం ముగుస్తుంది. అందరితోపాటు మొదటి వేటకు వెళ్లకపోతే అతనికి తల తీసేసినట్టే.

"చల్లగా ఉందనే వద్దంటున్నాను. ఎండెక్కేకొద్దీ చెక్క లోపలి గాలిని బయటికి తోస్తుంది. నీ మ్యాట్ పూరీలా పొంగుద్ది."

"మా బావ కిందటేడు పొద్దున్నే వేయించాడు గదండీ?"

"ఆయ్! సముద్రంలోకెళ్లి పూరీలు తిన్నాడు. మూడు దాటనీ. చెక్క చల్లారేటప్పుడు గాలి లోపలికి పీలుస్తుంది. దాంతోపాటు రెసిన్నీ తాగుద్ది."

పల్లంరాజు నవ్వలేక, నవ్వాపుకోలేక వెళ్లిపోయాడు.

గంగయ్య టార్పాలిన్ పందిరి సరిచేశాడు. తెల్లటి మ్యాట్‌ని పడవ వంపులకు తగ్గట్టు కత్తిరించాడు. మధ్యాహ్నం భార్య లోవలక్ష్మి పెరుగన్నం, మామిడిపండు తెచ్చేసరికి అతను పడవకు బుగ్గ ఆనించి వేడి చూస్తున్నాడు.

"పెళ్లయి ముప్పై ఆరేళ్లు. నా బుగ్గకెప్పుడైనా అంతసేపు ఆనించావా?"

"నువ్వు రెసిన్ లేకుండానే అతుక్కున్నావు గదే!"

ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. మామిడిటెంక అతనే చీకాడు, అన్నం మాత్రం సగం వదిలేశాడు. ఎడమచేతిని మాటిమాటికీ నొక్కుకోవడం ఆమె చూసింది.

"ఆస్పత్రికెళ్దాం పదయ్యా."

"ఇది ఇప్పుడు వదిలేస్తే రేపు మూడింటి దాకా మళ్లీ ఆగాలి. ఎల్లుండికి ఆరదు. సాయంత్రం వెళ్దాం లేవే."

మూడుంపావుకి అరచేతి వెనకభాగంతో చెక్కను తాకాడు. వేడి దిగుతోంది. ఎండకి రెసిన్ తొందరగా బిగిసిపోకుండా హార్డెనర్ కొంచెం తగ్గించి కలిపాడు. మ్యాట్ తడిసి, తెలుపు పోయి, అడుగున చెక్క చారలు తేనెరంగులో కనిపించాయి. ఇన్నేళ్లయినా ఆ క్షణం అతనికి ముచ్చటే. ఒక్కో బుడగనూ అంచుకు నెట్టి వదిలించాడు. పొద్దు వాలేసరికి పడవ ముక్కు దాకా పూర్తయింది.

లోవలక్ష్మి మజ్జిగిచ్చింది. గటగటా తాగి, "ఇది పొంగదు," అన్నాడు. "ఆటో పిలువు. ఈలోగా కాస్త నడుం వాలుస్తాను."

ఆమె ఆటోతో వచ్చేసరికి పడవ నీడలో పక్కకు తిరిగి పడుకుని ఉన్నాడు. పిలిచింది. భుజం తట్టింది. బుగ్గ మీద చెయ్యి పెట్టింది. ఆ చెయ్యి అక్కడే ఉండిపోయింది.

వేట మొదలైన రోజు పడవలన్నీ వెళ్లాయి, పల్లంరాజు పడవ తప్ప. దినం అయ్యేదాకా దాన్ని నీళ్లలోకి దించనన్నాడు. ఆ తర్వాత ఒక ఉదయం ఒంటరిగా వచ్చి, రూపాయి బిళ్లతో పడవ అడుగంతా జానెడు జానెడుకీ కొట్టి చూశాడు. లోపల గాలి ఉన్నట్టు బోలుశబ్దం ఎక్కడా రాలేదు.

పందిరి గుంజ పక్కన ఇసుకలో ఒక ప్లాస్టిక్ మగ్గు ఉంది. అడుగున మిగిలిన రెసిన్ తేనెరంగులో గట్టిపడి, దాన్ని కలిపిన పుల్ల అందులోనే నిటారుగా నిలబడి ఉంది.