చవక కత్తి మీద పెద్దక్క తీర్పు

సోమవారం పొద్దున ఏడు కొట్టకముందే స్టోరాయన ఒక పొడవాటి అట్టపెట్టె తెచ్చి కోత బల్ల మీద పెట్టి, "పెద్దక్కా, ఇక మీదే ఆలస్యం" అన్నాడు.

పెట్టెలో ఉన్నది కత్తి. పెద్ద హోటళ్ళలో వంటవాళ్ళు పట్టుకునే రకం. జానెడు పొడవు, వెడల్పాటి రేకు, నల్ల పిడి. ధర మాత్రం పేరున్న కంపెనీ కత్తి ధరలో ఆరోవంతు కూడా లేదు. అంత చవగ్గా వచ్చిందంటే ఎక్కడో ఏదో మెలిక ఉండి తీరాలి. ఆ మెలికేదో కనిపెట్టి చెప్పాల్సింది పెద్దక్క.

"వారం రోజులు వాడి చూడండి. శనివారం నేను ఆర్డరు పంపాలి. మీరు ఊఁ అంటే బల్లకి సరిపడా తెప్పిస్తాను. ఊహూఁ అంటే దీన్ని కూడా తీసుకెళ్ళి వాడి మొహాన కొడతాను" అన్నాడు స్టోరాయన.

అది ఆసుపత్రి వంటిల్లు. రోజుకి ఎనిమిది వందల మందికి వండాలి. కూరగాయలు కోసే బల్ల దగ్గర అందరూ ఆడవాళ్ళే, నిలబడే చెయ్యాలి పని. ఆ బల్లకి తలవైపున ఇరవై ఆరేళ్ళుగా నిలబడుతున్నది పెద్దక్క. వెనకోసారి కత్తులొచ్చినప్పుడు, వీటి పిడులు వేడినీళ్ళకి ఊడిపోతాయి మొర్రో అని ఆవిడ మొత్తుకుంది. ఎవరూ చెవిన పెట్టలేదు. పదిహేను రోజుల్లో పిడులన్నీ ఊడి తొట్టిలో తేలాయి. అప్పట్నించీ కత్తి మాటొస్తే మేనేజరంతటివాడు కూడా "పెద్దక్క ఏమంది?" అని అడగడం మొదలుపెట్టాడు. బడి మొహం చూడని మనిషికి అంతకన్నా పెద్ద పట్టా ఏముంటుంది చెప్పండి?

ఇంకో సంగతి కూడా చెప్పాలి. బల్ల వదిలినవాళ్ళకి ఆ వంటింట్లో వేరే పని లేదు. రెండేళ్ళ కిందట ఒకావిడకి చూపు తగ్గితే వారం తిరక్కుండా ఇంటికి పంపేశారు. దండ వేశారు, నాలుగు మంచి మాటలు చెప్పారు, మర్నాడు ఆవిడ చోట్లో ఇంకొకావిడ నిలబడింది. ఆ దండ తన మెడ దాకా రానివ్వకూడదని పెద్దక్క పంతం.

"అక్కా, నీకు దణ్ణం పెడతాను, దీనికి వంకలు పెట్టకు" అంది చిన్నక్క. "ఈ మొద్దు కత్తులతో వేగలేక చస్తున్నాం. నా వేలు చూడు, మళ్ళీ తెగింది."

చిన్నక్క అంటే పెద్దక్క తోడికోడలు. ఇద్దరూ అన్నదమ్ముల్ని చేసుకున్నారు. ఒకే ఇంట్లో కాపురం, ఒకే బల్ల దగ్గర పని. పొద్దస్తమానం ఒకరి మొహం ఒకరు చూసుకుంటూ కూడా ఇన్నేళ్ళూ జుట్లు పట్టుకోలేదంటే, ఇద్దరిలో ఒకరు సహనానికి మారుపేరై ఉండాలి. ఆ ఒకరూ తానేనని ఇద్దరికీ నమ్మకం.

"వేలు సంగతి తర్వాత. ముందు చెయ్యి ఆడించు" అంది పెద్దక్క. "ఏడాదిగా చూస్తున్నాను, అందరి బేసిన్లూ ఖాళీ అయ్యాక గానీ నీది ఖాళీ అవదు."

చిన్నక్క ఏదో అనబోయి, నోరు మూసుకుని బంగాళాదుంపల మీద పడింది.

పెద్దక్క పరీక్ష మొదలుపెట్టింది. కత్తిని కాగితం అంచున పెట్టి లాగింది, సర్రున తెగింది. బొటనవేలి గోటి మీద ఆనించింది, జారలేదు. టమాటా తొక్క మీద ఊరికే పెట్టింది, దిగిపోయింది. "ఫరవాలేదే!" అనుకుంది. తీరా క్యారెట్లు మొదలుపెట్టి పది కోసేసరికి కత్తి మొరాయించింది. ముక్క తెగినట్టే తెగి చివర్న అంటుకుపోతోంది. పిడి చేతిలో తిరిగిపోతోంది. చవక సరుకు బుద్ధి పోనిచ్చుకుందా అనుకుని పెదవి విరిచింది పెద్దక్క.

నిజం చెప్పాలంటే, ఈ మధ్య లోకంలో వస్తువులన్నీ కట్టగట్టుకుని పెద్దక్క మీద పగబట్టాయి. కుళాయి ఎంత తిప్పినా మూసుకోదు, లోపల వాషర్లు నాసిరకం. తలుపు గడియ కదలదు, చెక్క ఉబ్బింది. తడిబట్ట ఎంత పిండినా నీళ్ళు ఓడుతూనే ఉంటాయి, నూలులో ఏదో కలుపుతున్నారు దొంగవెధవలు. మొన్నటికి మొన్న సీసా మూత రాకపోతే మొగుడి చేతికిచ్చింది. ఆయన పేపరు మీంచి కళ్ళు తియ్యకుండా రెండు వేళ్ళతో తిప్పి ఇచ్చేశాడు.

"మూత వదులుగానే ఉందే" అన్నాడు.

"నేను వదులు చేసి ఇచ్చాను కనక" అంది పెద్దక్క.

మంగళవారం సాయంత్రం ఇంటికి వెళ్ళే దారిలో కత్తిని సానవాడి దగ్గరికి తీసుకెళ్ళింది. బుధవారం మళ్ళీ తీసుకెళ్ళింది. గురువారం ఆవిడ రావడం చూసి సానవాడు చక్రం ఆపేశాడు.

"అమ్మా, నీకు పుణ్యముంటుంది, దీన్ని వదిలెయ్. ఇంకా సాన పట్టానంటే రేకంతా అరిగిపోయి నీకు పిడి మిగులుతుంది."

"పదును నిలవడం లేదయ్యా."

"నిలవకపోవడమేంటి? ఇదుగో" అని వాడు ముంజేతి మీద వెంట్రుకలు నున్నగా గీసి చూపించాడు. పెద్దక్క నమ్మలేదు. ఎవరి సాన వాళ్ళకి ముద్దు అనుకుంటూ వచ్చేసింది.

గురువారానికి తీర్పు సిద్ధమైపోయింది. మొన వైపు బరువెక్కువ, పిడి సన్నం, ఉక్కు మెత్తన. శనివారం స్టోరాయనకి అప్పజెప్పాల్సిన పాఠం బట్టలు ఉతుకుతూ రెండుసార్లు వల్లె వేసుకుంది. వల్లె వేసుకుంటుంటే ఎందుకో నీరసం ముంచుకొచ్చింది. ఈ మధ్య అంతే. పొద్దున్నే లేచేసరికే, రాత్రంతా పడుకున్నట్టు కాదు, పని చేసినట్టు ఉంటోంది ఒళ్ళు.

శుక్రవారం గుమ్మడికాయలొచ్చాయి. ఒక్కోటి చంటిపిల్లంత ఉంది. పెద్దక్క మొదటి కాయని ముందుకి లాక్కుని కత్తి దింపింది. సగం దిగి ఇరుక్కుపోయింది. నొక్కితే దిగదు, లాగితే రాదు. రెండు చేతులూ వేసింది. నుదుటన చెమట పట్టింది గానీ కత్తి మాత్రం కదల్లేదు.

"చూశావా దీని దిక్కుమాలిన సంబడం! అందుకే చెప్పాను, ఇది కొనకూడని సరుకని" అంది పక్కకి తిరిగి.

"ఇటివ్వక్కా, నేను చూస్తాను" అంది చిన్నక్క.

కత్తి వీపు మీద అరచెయ్యి వేసి, కాస్త ముందుకి వంగింది. కాయ ఠపీమని రెండైంది. అదే ఊపులో చెక్కల్ని ముక్కలు చేసింది, ముక్కల్ని మళ్ళీ చిన్న ముక్కలు చేసింది. గీత గీసి కోసినట్టు ఒకే కొలతలో పడుతున్నాయి ముక్కలు. ఇన్నాళ్ళూ మొద్దు కత్తితో కుస్తీ పట్టిన మనిషికి పట్టరాని సంతోషం వచ్చేసింది.

"అబ్బ! అక్కా, ఇదేం కత్తక్కా బాబూ! అలా పెడితే ఇలా దిగుతోంది. నా చెయ్యి..."

అప్పుడు పెద్దక్క మొహం చూసింది. నాలిక కరుచుకుని కత్తి కింద పెట్టేసింది.

ఆడలేక మద్దెల ఓడన్నదట అని ఈ బల్ల దగ్గర ఎంతమందిని ఎద్దేవా చేసిందో పెద్దక్కకే గుర్తులేదు. కుళాయి, గడియ, సీసా మూత, అన్నీ ఒక్కసారి వరసకట్టి వచ్చి ఎదుట నిలబడ్డాయి. వాటిలో ఏ ఒక్కదాని తప్పూ లేదు.

గుమ్మడికాయలయ్యాక ఇద్దరూ తొట్టి దగ్గర బేసిన్లు కడుగుతున్నారు. చిన్నక్క గొంతు తగ్గించి అంది.

"అక్కా, బాలేదనే చెప్పెయ్."

"ఏం?"

"కొత్త కత్తులొస్తే అందరికీ పని చకచకా తెమిలిపోతుంది. అప్పుడు ఎవరి చెయ్యి ఆలస్యమో కొట్టొచ్చినట్టు కనపడుతుంది. ఇప్పుడంటే కత్తుల మీదకి తోసెయ్యచ్చు. మేం ఎలాగో నెట్టుకొస్తాంలే. ఇన్నాళ్ళూ నెట్టుకురాలేదా?"

"మేం అంటే?"

"అందరం." చిన్నక్క నీళ్ళలోకి చూస్తూ అంది. "నువ్వు పొయ్యి దగ్గరికి వెళ్ళినప్పుడల్లా నీ బేసిన్లోవి సగం నా దాంట్లో వేసుకుంటున్నాను. నేను రాని రోజున పక్కావిడ వేసుకుంటుంది. పోయినేడాది వానలు మొదలైనప్పట్నించీ ఇదే వరస. నా బేసిను ఆఖరవుతోందని రోజూ తిడతావే! రెండు బేసిన్లు కోసేదానికి ఆఖరవ్వకేమవుతుంది?"

పెద్దక్కకి చెంప ఛెళ్ళుమనిపించినట్టయింది. సిగ్గు వేసింది. సిగ్గుని కోపం చేసుకోవడం ఆవిడకి బాగా తెలిసిన విద్య.

"ఎవరడిగారే నిన్ను?"

"ఎవరడగాలేంటి?" అంది చిన్నక్క, బేసిను బోర్లిస్తూ.

ఆ సాయంత్రం ఇంట్లో పెద్దక్క కిటికీ పక్కన కూచుని కుడిచెయ్యి వెలుతుర్లో పెట్టి చూసుకుంది. బొటనవేలి కింద ఉండాల్సిన కండ కరిగి పల్లం పడింది. పిడికిలి బిగిస్తే వేళ్ళు మాట వినకుండా వణుకుతున్నాయి. ఇంత స్పష్టంగా కనపడుతుంటే ఇన్నాళ్ళూ చూడలేదంటే, చూడకూడదనుకుంది కాబట్టే చూడలేదు. ఆవిడకి ఏడుపు రాలేదు. అలిసిపోయింది. కొయ్యడానికి కాదు, కొయ్యగలనని అందరికీ చూపించడానికి, అన్నిటికన్నా ముందు తనకి తాను చూపించుకోడానికి, పడ్డ పాటుకి అలిసిపోయింది.

బాలేదంటే చాలు. ఒక్క మాట. ఆవిడ మాటకి ఎదురు లేదు. ఇంకో ఏడాది, అదృష్టం బాగుంటే రెండేళ్ళు, బల్ల దగ్గర అలా నిలబడచ్చు. పక్కగదిలో చిన్నక్క వేలికి కట్టు మారుస్తూ, గుడ్డ కొస నోటితో పట్టుకుని లాగుతోంది. పెద్దక్క లేచి వెళ్ళి ఆ ముడి తాను వెయ్యబోయింది. వేళ్ళు రెండుసార్లు జారాయి. మూడోసారికి చిన్నక్కే వేసుకుంది.

శనివారం స్టోరాయన చీటీ, పెన్నూ పట్టుకుని వచ్చాడు.

"చెప్పండి పెద్దక్కా. కొనచ్చా, వద్దా?"

"బాలేదండీ" అంది చిన్నక్క గబుక్కున. "మొన వైపు బరువు..."

"నిన్నడిగారా?" అంది పెద్దక్క. కత్తి చేతిలోకి తీసుకుని, గుడ్డతో తుడిచి స్టోరాయన ముందు పెట్టింది. "మంచి కత్తి నాయనా. చవకదని చిన్నచూపు చూడకు. పదును నిలుస్తుంది, పిడి కదలదు. తడి ఉంచితే మచ్చలు పడతాయి, తుడిచి పెట్టుకోవాలి. అంతకుమించి దాన్ని అనడానికి ఏం లేదు. కొను."

"అమ్మయ్య! మీరు వంక పెట్టని కత్తి కూడా ఉందన్నమాట" అని నవ్వాడు స్టోరాయన. "అయితే మీతో కలిపి పన్నెండు రాస్తున్నాను."

"పదకొండు రాయి. నన్ను కలపకు."

"అదేంటి? మీకొద్దా?"

"నా చెయ్యి అయిపోయింది నాయనా. నెలాఖరు దాకా ఈ పాతదాంతో గడుపుతాను. ఆ తర్వాతి సంగతి మేనేజరుతో నేను మాట్లాడుకుంటాను."

బల్ల మీద కత్తుల చప్పుడు ఆగిపోయింది. స్టోరాయన పెన్ను కాగితం మీద పెట్టి, రాయాలో అక్కర్లేదో తెలియక అలాగే నిలబడ్డాడు.

"రాయి నాయనా" అని, పెద్దక్క బల్ల వైపు తిరిగింది. "మీకేమొచ్చింది? ఎనిమిది వందల మంది ఆకలితో ఉన్నారక్కడ. కానివ్వండి."

ఒకటొకటిగా మళ్ళీ చప్పుడు మొదలైంది. పెద్దక్క పాత కత్తి తీసుకుని క్యారెట్టు ముందు పెట్టుకుని, తన చేతికి ఎంత సాగితే అంత నెమ్మదిగా, ఎవరినీ ఓరకంట చూడకుండా కొయ్యసాగింది. చిన్నక్క చెయ్యి చాచి, పెద్దక్క బేసిన్లోంచి సగం క్యారెట్లు అందరూ చూస్తుండగానే తన వైపు లాక్కుంది. పెద్దక్క చూసింది. చూసి, బేసిను ఇంకాస్త అటు జరిపింది.