గడపలావిడ

"గడప ఉందా అండీ?" అని ఆవిడ రెండోసారి అడిగింది. ఫోనుకు అవతలున్న హోటలు మేనేజరుకు ప్రశ్న బుర్రకెక్కలేదని తెలిసి, ఈసారి విడమరిచి చెప్పింది. "గదికి కాదండీ, బాత్రూముకి. నీళ్లు బయటికి రాకుండా తలుపు కింద గట్టులాంటిది ఏమైనా కట్టారా?"

"ఉందండీ. చిన్నదే. బెత్తెడు కూడా ఉండదు."

"చక్రాల కుర్చీకి బెత్తెడైనా గోడేనండీ."

అవతలి మనిషి నవ్వాడు. "దానికంత ఆలోచన ఎందుకు మేడం? మావాళ్లున్నారుగా. పూలబుట్టలా ఎత్తి లోపల కూర్చోబెడతారు."

ఆవిడ రిసీవరును మెడకూ భుజానికీ మధ్య ఇరికించుకుని, నడుముకు కట్టుకున్న వెడల్పాటి పట్టీని కాస్త వదులు చేసుకుంది. దాని కింద చర్మం చెమటకు ఒరుసుకుపోయి మండుతోంది. షవరు కింద కూర్చోడానికి గోడకు బిగించిన పీట ఉందా, పట్టుకోడానికి కమ్మీ ఉందా అని అడిగింది. ప్లాస్టిక్ కుర్చీ ఒకటి వేయిస్తామన్నాడు. భోజనాల హాలుకు మెట్లున్నాయా? ఉన్నాయి. దానికీ మావాళ్లున్నారన్నాడు.

ఆ యాత్రల ఆఫీసులో ఆవిడ బల్ల స్తంభం వెనక, మంచినీళ్ల డబ్బా పక్కన ఉంటుంది. అద్దాల తలుపు తోసుకుని వచ్చినవాళ్లకు ముందుగా కనిపించేవి గోడల మీది సముద్రాలూ, మంచుకొండలూ, ఎండకు వెలిసి నీలం కాస్తా బూడిదరంగులోకి దిగిన ఆకాశాలూ. ఆవిడ కనిపించాలంటే స్తంభం చుట్టి రావాలి. పొట్టి మనిషి. భుజాలు మాత్రం బస్తాలు మోసేవాళ్ల భుజాల్లా కండపట్టి, రవిక చేతులు ఎప్పుడూ బిగుతుగానే ఉంటాయి. ఏ హోటలుకు ఫోను చేసినా ముందు గడప సంగతే అడుగుతుంది కాబట్టి ఆఫీసులో ఆవిడకు గడపలావిడ అని పేరు పడింది. "మనమంతా సముద్రాలు అమ్ముతుంటే ఆవిడ బాత్రూములు అమ్ముతుంది" అని లెక్కలు రాసే ముసలాయన కొత్తవాళ్లు చేరినప్పుడల్లా అంటాడు. ఆవిడా నవ్వుతుంది. తాను గదులు కుదిర్చిన ఊళ్లలో ఒక్కటీ ఆవిడ చూసింది లేదు.

ఈ ఉద్యోగం ఆవిడకు చదువును బట్టి రాలేదు. భర్త ఆ ఆఫీసు బస్సు నడిపేవాడు. కొండదారిలో ఒక మలుపు దగ్గర బ్రేకు పట్టకపోతే, లోయవైపు పోనివ్వకుండా బస్సును కొండకేసి కొట్టాడు. యాత్రికులందరూ చిన్నాచితకా గాయాలతో దిగిపోయారు. డ్రైవరు సీటు మాత్రం రేకుడబ్బాలా నలిగింది. అతని నడుము కింద ప్రాణం పోయింది. యజమాని ఆసుపత్రికి వచ్చి, మా ఇంటి మనిషిలా చూసుకుంటామని అందరి ముందూ కళ్లు తుడుచుకుని, భర్త ఖాళీ చేసిన సీటుకు బదులు ఆవిడకు స్తంభం వెనక కుర్చీ వేయించాడు. చేరిన కొత్తలో ఎవరో కాళ్లు లేని పెద్దాయనను వెంటబెట్టుకుని కుటుంబంతో ఊరు చూడ్డానికి వెళ్తామని వచ్చారు. వాళ్ల కోసం హోటలువాళ్లను ఏమడగాలో ఎవరికీ తోచలేదు. పొద్దున్నే భర్తను బాత్రూము గడప దాటించి వచ్చిన మనిషి కాబట్టి, ఆవిడ నోటికి అదే వచ్చింది. యజమానికి అందులో వ్యాపారం కనిపించింది. ఇసుకలో చక్రాల కుర్చీ, అందులో నవ్వుతున్న మనిషి, పైన "అందరికీ విహారం" అన్న అక్షరాలతో కరపత్రం అచ్చయింది. ఆవిడ మురిసిపోయి దాన్ని ఇంటికి తెచ్చి చూపిస్తే, భర్త అటూ ఇటూ తిప్పి చూశాడు.

"నా నడుం విరిగితే గానీ మీ సారుకి ఈ బేరం తట్టలేదన్నమాట" అన్నాడు. ఆ తరువాత ఆఫీసు సంగతులు అతని దగ్గర ఎత్తడం ఆవిడ మానేసింది.

వాళ్లుండేది లిఫ్టు లేని మేడలో మూడో అంతస్తు. కింద వాటా అద్దెకు దొరికినప్పుడల్లా వచ్చే ఏడు చూద్దాంలే అనుకునేది. అతను మెట్లు దిగింది ఆసుపత్రికే, అదీ దుప్పటిలో, ఇరుగుపొరుగు మగవాళ్లు నాలుగు కొసలూ పట్టుకుంటే. మొదట్లో "పల్లకీ వచ్చిందా?" అని జోకులేసేవాడు. రానురాను దుప్పటి పరచగానే కళ్లు మూసుకునేవాడు, మళ్లీ మంచం మీదికి చేరేదాకా తెరిచేవాడు కాదు. మిగతావన్నీ ఆవిడే. ఎత్తడం, దింపడం, తిప్పడం, కడగడం. ఒక్కనాడు విసుక్కుని ఎరగదు. విసుక్కోలేదన్నది ఒక్కటే తన జీవితంలో చెప్పుకోదగ్గ సంగతి అని లోలోపల గర్వపడేది కూడా.

ఆ హోటలు మేనేజరు ఫోను పెట్టేసిన కాసేపటికే ఆ గది కావలసిన కుటుంబం ఆఫీసుకు వచ్చింది. ఆఫీసు ముందే ఎత్తైన మెట్టుంది. దాని మీద వాలుబల్ల వేయించమని ఆవిడ యజమాని చెవిలో ఇల్లు కట్టుకుని చెప్పినా పని జరగలేదు. తండ్రీ, వాచ్‌మనూ చెరోవైపు పట్టి కుర్చీతో సహా అమ్మాయిని పైకెత్తారు. కాలేజీ చదువుతున్న పిల్ల. చేతులకు వేళ్లు లేని తోలు తొడుగులు. ఎత్తుతున్నంతసేపూ తల పక్కకు తిప్పి రోడ్డు మీద పోయే వాహనాలను చూసింది.

గడపలావిడ రెండు హోటళ్ల సంగతీ చెప్పింది. ఒకదాంట్లో చక్రాల కుర్చీ మనుషుల కోసమని సరిగ్గా కట్టిన గది ఉంది. కానీ అందులో ఒకటే మంచం. అది కింద అంతస్తు చివర, మిగతా గదులేమో ఎక్కడో పైన. రెండోదాంట్లో ఇల్లంతా కలిసి ఉండే పెద్ద గది ఉంది, కిటికీ తీస్తే సముద్రం. కాకపోతే బాత్రూముకు గడప, భోజనాల హాలుకు మెట్లు. ఎత్తడానికి మనుషులున్నారంటున్నారు.

తల్లి మొదటిదాన్ని పూర్తిగా విననే లేదు. "పుట్టినప్పట్నుంచీ ఇది నా పక్కలోనే పడుకుందండీ. ఊరుగాని ఊళ్లో దాన్నొక్కదాన్నీ కిందెక్కడో పడేసి మేం పైన హాయిగా నిద్రపోతామా?"

"పడేయడమేంటమ్మా? గదే కదా" అంది అమ్మాయి. కుర్చీని బల్లకు ఆనించి గడపలావిడ ముఖంలోకి చూసింది. "ఆ కింది గది తలుపు నేనే తీసుకోవచ్చా అండీ? స్నానం నేనే చేసుకోవచ్చా?"

"చేసుకోవచ్చమ్మా."

"అయితే నాకదే చాలు. పొద్దున్నే ఎవర్నీ లేపకుండా సముద్రం దాకా పోయొస్తా. ఒక్కసారి అలా పోవాలని ఉంది."

తల్లి కళ్లలో నీళ్లు తిరిగాయి. "చూశారా, దానికి మేం బరువైపోయాం" అని నవ్వబోయి, నవ్వలేక, కుర్చీలోంచి లేచి నడుము పట్టుకుని నిలబడింది. ఆ పట్టుకోవడం గడపలావిడకు తెలిసిందే. వేళ్లు వెనక్కి, బొటనవేలు ముందుకు.

"మీకూ పట్టేస్తుందా అండీ?"

"ఎప్పుడో పోయిందండీ నా నడుం. మీకూనా?"

గడపలావిడ రవిక కింద పట్టీని తట్టి చూపించింది. ఇద్దరూ ఒకే ఇంట పుట్టినవాళ్లలా నవ్వుకున్నారు. ఆ నవ్వులో ఆవిడకు ఎన్నాళ్లకో తనవాళ్లెవరో దొరికినట్టయింది. అందుకే అమ్మాయి వైపు తిరిగి, ఎంతో ప్రేమగా అంది: "అమ్మ కష్టం కూడా చూడాలి కదమ్మా. అందరూ ఒకచోట ఉండటానికేగా ఈ నాలుగు రోజులూ. అమ్మ దగ్గరుంటే నీకేం లోటు?"

అమ్మాయి కుర్చీ తిప్పుకుని తలుపు దాకా వెళ్లింది. మెట్టు దగ్గర ఆగి, ఎవరో ఒకరు వచ్చి ఎత్తేదాకా అక్కడే, వీళ్లకు వీపు పెట్టి కూర్చుంది.

పెద్ద గదే ఖాయమైంది. యజమానికి ఆ హోటలుతో పొత్తు ఉంది. "ఇన్నాళ్లకి దారికొచ్చావమ్మా! లేకపోతే ఆ గడపలు పట్టుకుని నా తల ప్రాణం తోకకి తెచ్చేదానివి" అన్నాడు. ఆవిడకు ఎప్పటిలా రోషం రాలేదు. ఒక తల్లికి మేలు చేశానన్న తృప్తితో కడుపు నిండా భోంచేసి, ఇంటికి ఫోను చేసింది.

"తిన్నారా?"

"ఆఁ."

"మాత్ర?"

"వేసుకున్నా." వెనక ఎవరివో మాటలు వినిపించాయి.

"ఎవరండీ అది?"

"కింద ఆవిడ వచ్చింది. నువ్వు పని చూసుకో." పెట్టేశాడు. అతను ఎప్పుడూ అంతే, మాటలు కూడా ఎవరో దానం చేసినట్టు పొదుపుగా వాడతాడు.

సాయంత్రం బస్సు దిగి, ఎప్పటిలా సగం పరుగుతో వీధి దాటి ఆవిడ మెట్లెక్కుతుంటే, మొదటి అంతస్తులో కుట్టుపని చేసే ఆవిడ తలుపు తీసుకుని బయటికి వచ్చింది. మెడలో టేపు అలాగే వేలాడుతోంది.

"అక్కా, కాస్త ఆగు. అన్నయ్య లేరు."

గడపలావిడ మెట్ల కమ్మీ పట్టుకుంది.

"అయ్యో, అదేం కాదక్కా! బాగానే ఉన్నారు. వెళ్లిపోయారు. నడవలేనివాళ్లని ఉంచుకునే ఆశ్రమమట, ఊరవతల. వాళ్లే వ్యాను పంపించారు. నెలరోజులుగా ఫోన్లో మాట్లాడుకుంటున్నారట. నీకు చెప్పొద్దని నా చేత ఒట్టేయించుకున్నారు. నన్ను తిట్టుకోకక్కా." కుట్టుపని ఆవిడ గొంతు తగ్గించింది. "దుప్పటిలో దించుతుంటే ఇవాళ కళ్లు తెరిచే ఉన్నారు. ప్రతి మెట్టూ చూసుకుంటూ దిగారు."

మిగతా మెట్లు ఎలా ఎక్కిందో ఆవిడకు తెలియదు. గదిలో మంచం మీద పక్క చక్కగా సర్ది ఉంది. అతని బట్టలు, మాత్రలు, రేడియో లేవు. నిలబడే ఫోను చేసింది.

"వచ్చావా?" అన్నాడు అతను.

"నేనేం తక్కువ చేశానండీ మీకు?"

"తక్కువ చేస్తే నీతో పోట్లాడేవాణ్ణి. వెళ్లేవాణ్ణి కాదు."

"ఒక్క మాట చెప్తే..."

"చెప్తే ఏడుస్తావు. నేను ఆగిపోతాను. ఎన్నిసార్లు ఆగానో నీకేం తెలుసు?" తరువాత అతని గొంతులోకి ఆవిడ ఏళ్ల తరబడి వినని హుషారొకటి వచ్చింది. "ఇందాక తలుపు నేనే తీసుకున్నా. వరండా చివరిదాకా పోయి, అక్కడ ఇద్దరు ముసలాళ్లతో మాట్లాడి, మళ్లీ నేనే వచ్చా. ఎవర్నీ పిలవలేదోయ్."

ఆవిడ నోరు అలవాటుగా, ఆవిడ ప్రమేయం లేకుండానే, "మరి బాత్రూముకి..." అంది.

"అన్నీ అడిగే కుదుర్చుకున్నా. పీట, కమ్మీ, మంచం ఎత్తు, అన్నీ. సెలవు రోజుల్లో నువ్వు ఇంట్లోంచి హోటళ్లవాళ్లని అడుగుతుంటే ఇన్నేళ్లూ విన్నాగా." కాస్త ఆగి అన్నాడు: "ఆదివారం రా. చుట్టంలా వచ్చి కూర్చుని కబుర్లు చెప్పు. ఏ పనీ చెయ్యకు."

ఫోను పెట్టాక ఆవిడకు పొద్దుటి అమ్మాయి వీపు గుర్తొచ్చింది. ఆ పిల్లకు గది మార్చాలనుకుంది. రేపు ఎంత పోరినా యజమాని మార్చనివ్వడని తెలుసు. మార్చమని ఆ తల్లితో చెప్పే నోరు తనకు లేదనీ తెలుసు. ప్రేమగా చెప్పిన మాట కదా. దాన్ని ఏమని వెనక్కి తీసుకుంటుంది?

చీకటి పడుతోంది. నడుము పట్టీ విప్పి, మంచం మీద, అతను పడుకునే చోట వాలింది. ఇన్నేళ్లలో ఆ వైపు తల పెట్టడం అదే మొదలు. తలకు పైన కిటికీ ఊచలకు కట్టిన అద్దం కనిపించింది. పాత బస్సుకు పక్కన ఉండే గుండ్రటి అద్దం, అంచున పగులు. గడ్డం గీసుకోడానికి కట్టుకున్నాడని ఆవిడ రోజూ తుడిచేది. తుడిచినప్పుడల్లా అది పక్కకు తిరిగితే అతను కసురుకునేవాడు, ఎందుకో ఆవిడకు తెలిసేది కాదు. ఇప్పుడు పడుకుని చూస్తే అందులో తన ముఖం లేదు. కింద వీధి ఉంది, వీధి చివర దీపం, దీపం కింద రోజూ తాను బస్సు దిగే చోటు.

ఒక బస్సు వచ్చి ఆగింది. ఎవరెవరో దిగి, సంచులు సర్దుకుని, ఎవరి దారిన వాళ్లు పోయారు. ఇనుపతీగ మెలితో బిగించిన ఆ అద్దం, గాలికైనా చలించకుండా, అటే తిరిగి ఉంది.