బోర్డు మీది ముడతలు

“నిన్ను పెళ్లికూతుర్ని చేస్తాననలేదు కదమ్మా. ముడతలు తీయిస్తానంటున్నాను, అంతే” అంది మా ఆడపడుచు హేరాన్. నేను ఉల్లికాడలు తరగడం మొదలుపెట్టినప్పుడూ ఇదే మాట. ఇప్పుడు కట్ట అయిపోవచ్చింది.

మా అత్తగారు గుమ్రే తలెత్తలేదు. క్యాబేజీ ఆకుల మధ్య కారం ముద్ద పూస్తూ, “నా ముఖం నీకేం అపకారం చేసిందే?” అంది.

“డెబ్బయ్యో పుట్టినరోజు వస్తోంది. ఫోటోలు తీస్తారు. అవి ఎప్పటికీ ఉండిపోతాయి.”

“నేను ఉండిపోనుగా. ఇక నీకెందుకు బాధ?”

నా భర్త చాంగ్‌సిక్ టీవీలో బేస్‌బాల్ చూస్తున్నాడు. తల్లికీ చెల్లెలికీ మాటామాటా వస్తే ఆయన తటస్థ దేశమైపోతాడు. సరిహద్దులు మూసుకుని కూర్చుంటాడు.

మే నెలలో తల్లిదండ్రుల రోజున అమ్మానాన్నలకు ఎర్ర కార్నేషన్ పువ్వు గుచ్చడం మా ఆచారం. ఈ మధ్య సియోల్‌లో పువ్వుకు బదులు సూది గుచ్చుతున్నారు. కన్నవాళ్ల ముఖం మీద గీతలు అలాగే వదిలేస్తే బిడ్డలకు పట్టనట్టే లెక్కట. హేరాన్ అక్కడే అప్గుజంగ్ అనే ఖరీదైన పేటలో ఒక చర్మ వైద్యశాలలో పని చేస్తుంది. డాక్టరు కాదు. డాక్టరును చూసేలోపు మన ముఖంలో ఏయే లోపాలున్నాయో మనకు తెలియజెప్పే ఉద్యోగం. ఇంటికి వచ్చినప్పుడు అదే పని జీతం లేకుండా చేస్తుంది.

“చూడు” అంటూ చాప్‌స్టిక్ తీసుకుని తల్లి నుదుటి దగ్గర గాలిలో గీసింది. “ఇవి కదలిక వల్ల వచ్చే ముడతలు. నువ్వు చిట్లించుకుంటే పడేవి. వీటికి బొటాక్స్ వేస్తారు. కింద కండరం నిద్రపోతుంది, పైన చర్మం సాఫీ అవుతుంది. ముక్కు పక్క నుంచి నోటి దాకా దిగినవి వేరు. ముఖం కదిపినా కదపకపోయినా ఉంటాయి. లోపల ఫిల్లర్ అనే జెల్ నింపాలి. దవడ దగ్గర జారినదాన్ని దారాలతో పైకి లాగుతారు. బుగ్గల మీద ఈ సన్నగీతలు ఎండ వల్ల వచ్చాయి. వీటికి లేజర్. ఆ తర్వాత రోజూ సన్‌స్క్రీన్.”

“నింపుతారు, కుడతారు, కాలుస్తారు” అంది అత్తగారు. “నేను మనిషినా, పరుపునా?”

“వదినకి కూడా చేయిస్తానమ్మా. ఒకటి చేయించుకుంటే ఒకటి ఉచితం.” హేరాన్ నా వైపు తిరిగింది. “నీ కనుబొమల మధ్య ఆ మూడు నిలువు గీతలున్నాయే వదినా, అందులో పడవ నడపొచ్చు.”

నాకు కోపం రాలేదు. ఆశ పుట్టింది. పోయిన శీతాకాలం ఒక పెళ్లిలో పెళ్లికొడుకు తరఫు ఆవిడ చాంగ్‌సిక్‌ను పలకరించి, నన్ను చూపించి, “అక్కగారా?” అని అడిగింది. ఆయన కాదనలేదు. వంటకాలు బాగున్నాయన్నాడు. నాకు నలభై ఆరు. ఆయన నాకంటే నాలుగేళ్లు పెద్ద. ఆ రోజు నుంచి అద్దంలో నా నుదురు తప్ప మరేదీ కనిపించడం లేదు.

అత్తగారు నన్ను ఒకసారి చూసింది. ఆమెకు చెప్పకుండా తెలిసిపోయే విషయాలు కొన్ని ఉన్నాయి. వాటిలో ఎక్కువ నావే.

“సరే, తీసుకుపో” అంది కూతురితో. “నేను కాదంటే దానికి ఉచితం పోతుంది.”

ఇద్దరం ఒకేసారి వెళితే హోటల్లో పులుసు ఎవరు కాస్తారు? అందుకని ముందు ఆమెకు, పుట్టినరోజు అయ్యాక నాకు అని రాయించారు. నా అపాయింట్‌మెంట్ చీటీ ఏప్రన్ జేబులో పెట్టుకున్నాను. ఎముకలు కడిగేటప్పుడు తడవకుండా పైజేబులో.

మాది పంది ఎముకల పులుసు హోటలు. రాత్రి తాగినవాళ్లు పొద్దున్నే వచ్చి తాగినది దిగగొట్టుకునేది ఇక్కడే. మా సందులో అన్నీ ఇవే హోటళ్లు, అన్నీ అసలైనవే. ప్రతి బోర్డు మీదా ఒక అమ్మమ్మ బొమ్మ ఉంటుంది. ఎంత ముసలి అమ్మమ్మ అయితే అంత పాత పులుసు. మా బోర్డు మీద అత్తగారి ముఖం రెండు అడుగుల ఎత్తున, ఒక్క గీతా వదలకుండా వేయించారు. లోపల ఆమె గల్లా దగ్గర కూర్చుని, వచ్చినవాళ్లను తిడుతుంది. పులుసుకు ఎంతమంది వస్తారో తిట్లకూ అంతమంది వస్తారు. కోడలిగా అడుగుపెట్టిన నాటి నుంచి నేను మాత్రం తెర వెనకాల పొయ్యి దగ్గర. గల్లా దగ్గరికి ఎప్పుడు వస్తానా అని నేను అడగలేదు, రమ్మని ఎవరూ అనలేదు.

సూదులు పడిన రెండు వారాలకు అత్తగారి నుదురు మా పాతకాలపు ఇళ్లలో కొత్తగా తెల్లకాగితం అంటించిన తలుపులా తయారైంది. హేరాన్ వచ్చి చూసి కళ్లు తుడుచుకుంది. తల్లి కూడా కరిగిపోయిందేమో తెలియలేదు. తెలిసే వీలు లేదు.

ఆ శనివారం పొద్దున టాక్సీ డ్రైవర్ బోంగ్ వచ్చాడు. డ్యూటీ దిగగానే తాగడం, తాగగానే మా దగ్గరికి రావడం అతని దినచర్య.

“మళ్లీ తాగొచ్చావురా సన్నాసీ? నీ పెళ్లాం నిన్నింకా ఇంట్లో ఎందుకు ఉంచుకుందో నాకర్థం కాదు” అంది అత్తగారు. రోజూ అనే మాటే. కానీ రోజూ ఆ మాటతో పాటు కనుబొమలు ముడిపడేవి, నుదురంతా గుట్టలు లేచేవి, కళ్ల పక్కన విసనకర్ర విచ్చుకునేది. ఇవాళ మాట ఒక్కటే వచ్చింది. ముఖం బ్యాంకులో కూర్చున్న అమ్మాయిలా ప్రశాంతంగా ఉంది.

బోంగ్ చెంచా ఆగిపోయింది. “అమ్మమ్మా, నేనేం తప్పు చేశాను?”

“తినరా గాడిదా.”

“ఇన్నేళ్లుగా తిడుతున్నావు. ఎప్పుడూ ఇలా అనిపించలేదు.” చెంచా కింద పెట్టేశాడు. “ఇవాళ నిజంగానే అంటున్నావు.”

పక్క టేబుల్ దగ్గర కొత్తగా వచ్చిన జంట గుసగుసలాడుకుంటున్నారు. అబ్బాయి లేచి వెళ్లి బయట బోర్డు చూసి వచ్చాడు. “బోర్డు మీది అమ్మమ్మగారు ఇవాళ రాలేదా?” అని మర్యాదగా అడిగాడు.

“నేనేరా.”

“ఓహో” అన్నాడు. “ఆవిడ మీ అక్కగారేమో అనుకున్నాం.” ఇద్దరూ సంచులు తీసుకుని ఎదుటి హోటలుకు వెళ్లిపోయారు. అక్కడ ఇస్త్రీ చేయని అమ్మమ్మ కూర్చుని ఉంది.

అలాంటివాళ్లు ఆ వారం చాలామందే వెళ్లారు. హేరాన్‌కు ఫోన్ చేసి అడిగితే, “కండరం మేలుకోవడానికి మూడు నాలుగు నెలలు పడుతుంది వదినా. మళ్లీ నిద్రపుచ్చమని అందరూ వస్తారు గానీ, లేపమని ఇంతవరకు ఎవరూ రాలేదు” అంది. నింపిన ఫిల్లర్ కావాలంటే కరిగిస్తారట. కరిగించడానికి ఇంకో సూది.

బోంగ్ మళ్లీ వచ్చాడు. ఈసారి గల్లా వైపు చూడకుండా మూలన కూర్చున్నాడు. అత్తగారు తిట్టింది. అతను సగం గిన్నె వదిలి, తల వంచుకుని బయల్దేరాడు. ఆమె అతని వీపు వైపే చూస్తూ ఉండిపోయింది. ముఖంలో ఏమీ లేదు. చేతులు మాత్రం గల్లా అంచును పట్టుకుని ఉన్నాయి.

నాకు ఒళ్లు మండింది. తెర తోసుకుని గరిటెతో సహా బయటికొచ్చాను.

“ఎక్కడికయ్యా? ఆ ఎముకలు తెల్లవారుజాము నుంచి కాచింది నువ్వు కాకులకు వేస్తావనా? తాగడానికి ఓపికుంటుంది, తినడానికి ఉండదు. కూర్చో. కూర్చోమన్నానా?”

బోంగ్ నా ముఖం చూశాడు. నా కనుబొమల మధ్య మూడు గీతలూ ఒక్కటిగా దగ్గరకు వచ్చి ఉంటాయి, నాకు లాగుతోంది. అతను నెమ్మదిగా కూర్చున్నాడు. గిన్నె ముందుకు లాక్కున్నాడు.

“ఇంకో ఎముక వేస్తారా చిన్నమ్మా?” అన్నాడు, హాయిగా.

వేశాను. వెనక్కి తిరిగితే అత్తగారు నన్నే చూస్తోంది.

పుట్టినరోజు విందు హోటలు మూసేసి అక్కడే చేశాం. సముద్రపు నాచు పులుసు, రంగుల బియ్యప్పిండి రొట్టెలు, హేరాన్ తెచ్చిన కేకు. ఫోటోలు బాగా వచ్చాయి. అన్నిట్లోనూ అత్తగారు చాలా అందంగా, ఎవరి విందుకో వచ్చినట్టు కూర్చుని ఉంది.

“చూశావా అమ్మా, పదేళ్లు తగ్గాయి” అంది హేరాన్.

“ఆ పదేళ్ల వ్యాపారం కూడా” అంది అత్తగారు. చాప్‌స్టిక్‌లు పక్కన పెట్టి, నాచు పులుసులో ఉప్పు తగ్గిందని చెప్పే గొంతుతోనే అంది: “రేపటి నుంచి గల్లా దగ్గర కోడలు కూర్చుంటుంది. నేను లోపల పొయ్యి చూసుకుంటాను. బోర్డు మీద బొమ్మ కూడా దానిదే వేయిస్తున్నాను. హోటలు కూడా దాని పేరు మీదికి మారుస్తున్నాను.”

చాంగ్‌సిక్ నములుతున్నది ఆపాడు. సరిహద్దులు మొదటిసారి తెరుచుకున్నాయి గానీ బయటికి వచ్చింది రొట్టె ముక్క ఒక్కటే.

“వచ్చే వారం వదినకి అపాయింట్‌మెంట్ ఉందమ్మా” అంది హేరాన్.

“ఫోన్ చేసి వద్దని చెప్పేశాను.”

నా చెయ్యి పైజేబు మీదికి వెళ్లింది. చీటీ అక్కడే ఉంది, తడవకుండా. గల్లా కావాలనుకున్నది నిజం. నున్నటి నుదురు కావాలనుకున్నదీ నిజమే. ఒక చేత్తో ఇచ్చి, ఇంకో చేత్తో లాక్కుంది, నన్ను ఒక్క మాటైనా అడగకుండా. నా కనుబొమలు వాటంతట అవే ముడిపడ్డాయి.

“అదిగో” అంది అత్తగారు, నా గిన్నెలో ఇంకాస్త పులుసు పోస్తూ. “ఎల్లుండి ఫోటో తీసేవాడు వస్తాడు. ముఖం ఇలాగే పెట్టు.”